పైడిబాబు మాస్టారి నాలుగు స్వరాల గుత్తి

పైడిబాబు మాస్టారు ఏ పాటనూ చివరిదాకా పోనిచ్చే మనిషి కాదు. పాట ఎవరిదైనా, పాడేది ఎవరైనా, రెండు వరుసలు గడవకముందే చెయ్యెత్తి ఆపేస్తారు. ఆపి, కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇప్పుడు మనం ఏ ఇంట్లో ఉన్నాం?" అని అడుగుతారు.

ఇల్లు అంటే ఆయన లెక్కలో పాట బయలుదేరిన స్వరం. పాట ఎంత దూరం తిరిగొచ్చినా రాత్రికి అక్కడికే చేరాలి. చేరబోయే ముందు కాలు మోపే స్వరం గడప. మధ్యలో తగిలేవన్నీ చుట్టాలిళ్ళు, పక్కిళ్ళు, సత్రాలు. పియానో మీద ఒకేసారి నొక్కే స్వరాలను అందరూ కార్డ్ అంటారు గాని ఆయన గుత్తి అంటారు. ప్రతి గుత్తీ ఏ ఇంటి తాళానిదో తేలేదాకా ఆయనకు అడుగు ముందుకు పడదు. పక్కనున్న వాళ్ళనూ పడనివ్వరు.

సీతారాండేరా పేటలో ఆయన మేనకోడలి పెళ్ళికి మగపెళ్ళివారు బ్యాండుతో ఊరేగి వస్తున్నారు. ట్రంపెట్ అబ్బాయి ఒక శ్రుతిలో ఊదుతున్నాడు, క్యాషియో కీబోర్డు అబ్బాయి ఇంకో శ్రుతిలో నొక్కుతున్నాడు. వినేవాళ్ళెవరికీ ఇబ్బంది లేదు. మాస్టారు మాత్రం నడిరోడ్డు మీద ఊరేగింపుకు అడ్డంగా నిలబడి, మీలో ఎవరు ఎవరింటికి వెళ్తున్నారో తేల్చమన్నారు. బ్యాండు వాళ్ళు బిహారీ కుర్రాళ్ళు. అంకుల్ అడ్రస్ అడుగుతున్నాడనుకుని పెళ్ళిమంటపం పేరు చెప్పారు. గుర్రం మీద పెళ్ళికొడుకు ఎండకు వాడిపోయాడు. చివరికి పెళ్ళికూతురి తండ్రి తవిటయ్య పరుగున వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బావా, ఆళ్ళు ఏ ఇంట్లో ఉంటే మనకేటి. ముందు పెళ్ళింటికి రానీ."

అప్పుడు పక్కకు తప్పుకున్నారు గాని, భోజనాల దగ్గర క్యాషియో అబ్బాయి పక్కనే కూర్చుని, వాణ్ణి పప్పు కలుపుకోనివ్వకుండా మాట్లాడారు.

ఇంట్లో ఆయన భార్య జగదాంబ పడే అవస్థ వేరు. కుక్కర్ కూత వేసే వేళకు వీధిలో ఆటో హారన్ మోగిందంటే ఆ రెండూ కలిసి ఏదో ఒక గుత్తి అవుతాయి. ఆ సంగతి తేలేదాకా స్టవ్ ఆపనివ్వరు. "మా ఇంట్లో పప్పు ఉడికింది ఎప్పుడు కల్యాణమ్మా, ఉడికితే మాడిపోడమే" అని ఆవిడ చెప్పినప్పుడు, మాస్టారి దగ్గరికి కొత్తగా పాఠానికి వస్తున్న కల్యాణి నవ్వింది. ఆ నవ్వు మొదటి వారంలోనిది. తర్వాత నవ్వలేదు.

కల్యాణి అదే ఊళ్ళో అగ్రికో పేటలో ఉంటుంది. ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం టీచరు. ఏటేటా కొత్తగా ఉద్యోగంలోకి తీసుకుంటూ, వేసవిలో తీసేస్తూ ఉన్న మేనేజ్‌మెంటు ఈసారి ఒక మాట చెప్పింది. పాశ్చాత్య గాత్రంలో పెద్ద పరీక్ష పాసైతే ఖాయం చేస్తాం, లేదంటే వేరే మనిషిని చూసుకుంటాం. కల్యాణి చిన్నప్పుడు తెలుగు సంఘంలో కీర్తనలు నేర్చుకుంది, తర్వాత కాలేజీ కోయిర్‌లో పాడింది. గొంతు మంచిదే. పరీక్ష పాటల్లో ఒకటి నూరేళ్ళ కిందటి కొత్త తరహా పాట అయి ఉండాలన్నారు. ఆమె అన్నీ తిరగేసి అన్నిటికంటే పొట్టిది ఎంచుకుంది. రెండే పేజీలు. జర్మన్ మాటలు. ఒకామె ఆకులు రాలిన తోటలో నడుస్తూ నడుస్తూ తన ఇంటి దారి మరిచిపోతుంది. అంతే కథ.

రెండు పేజీల్లో ఎంత గొడవ ఉంటుందో ఆమెకు అప్పటికి తెలియదు. ఊళ్ళో పియానో వాయించేవాళ్ళు లేకపోలేదు. కాగితం చూడగానే ఒకరికి నడుంనొప్పి వచ్చింది, ఇంకొకరికి కూతురి పరీక్షలు గుర్తొచ్చాయి. మూడో ఆయన నిజాయతీగా, గోల్‌మురిలో పైడిబాబు గారని ఉన్నారు, ఇలాంటివంటే ప్రాణమిస్తారు, అయితే కాస్త ఓపిక ఉండాలి అన్నాడు. ఆ 'కాస్త' అన్న మాటను ఆమె తర్వాత చాలాసార్లు తలుచుకుంది.

మాస్టారి ముందుగది నిండా పియానోయే. ఒక క్లబ్బు వదిలించుకున్నదాన్ని కిటికీ చట్రం ఊడదీసి లోపల పెట్టించారట. వచ్చినవాళ్ళు వంటింట్లో కూర్చోవాలి. మొదటి రోజు కల్యాణి పియానో అంచుకు ఆనుకుని నిలబడి, ఊపిరి తీసుకుని, పాట ఎత్తుకుంది. తోటలో ఒక్క ఆకు రాలిందో లేదో మాస్టారి చెయ్యి లేచింది.

"ఏ ఇంట్లో ఉన్నావు?"

ఆమెకు తెలియదంది. ఆయన మొహం వెలిగిపోయింది. పాటలో ఆవిడకీ తెలియదు కదా, దారి తప్పింది కదా, అని మొదలుపెట్టారు. పాట మొదట్లో రాసిన గుర్తును బట్టి ఇల్లు డి స్వరం. కాని రెండు పేజీల్లో ఎక్కడా ఆ ఇంటి గుత్తి మోగదు. పాట అంతా ఇంటి చుట్టూ తిరుగుతుంది, గడప దాకా వస్తుంది, తలుపు తియ్యదు. ఈ సంగతి చెప్పడానికి ఆయనకు సాయంత్రం సరిపోలేదు. కల్యాణి ఒక్క వరుస పాడి ఇంటికి వెళ్ళింది. రెండో వారం రెండో వరుస. ఈ లెక్కన పరీక్ష నాటికి పాట మొదటి పేజీలోనే ఉంటుందని ఆమె భర్త అమర్ అన్నాడు. ప్లాంటులో షిఫ్టు మనిషి, అతనికి టార్గెట్ల సంగతి తెలుసు.

అసలు ప్రమాదం రెండో పేజీ మొదట్లో ఉంది. అక్కడ పియానోలో ఒక గుత్తి వస్తుంది. బి ఫ్లాట్, డి, ఇ, జి షార్ప్. నాలుగే స్వరాలు. పాటంతా ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. మాస్టారు దాని దగ్గర మకాం వేశారు.

కల్యాణి గోల్‌మురి బజార్లో వంకాయలు ఏరుతుంటే ఫోను. "వంకాయలు కొంటన్నావా? కొను, కొను. నేను చెప్తుంటాను. అది మనింటి గుత్తి కాదమ్మా, పక్కింటోళ్ళది." ఆమె స్కూల్లో పిల్లల చేత ప్రార్థన పాడిస్తుంటే ఫోను. పక్కింటోళ్ళది కాదు, తొందరపడ్డాను, మనదే. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచి పడుకున్నప్పుడు ఫోను. డాక్టరే ఎత్తి, మీ నాన్నగారనుకుంటా, గడప అంటున్నారు, ఇంట్లో ఏమైనా పడ్డారేమో అని కంగారుపడ్డాడు. అమర్ డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విప్పుతూ, మాస్టారు ఈరోజు ఇంట్లో ఉన్నారా, పక్కింట్లో ఉన్నారా అని, ఆస్పత్రిలో ఉన్న మనిషి గురించి అడిగినట్టు అడిగేవాడు.

చివరికి ఆయన గడప దగ్గర స్థిరపడ్డారు. ఆ గుత్తి మోగుతున్నంతసేపూ పాడే మనిషి ఎ స్వరం మీద నిలబడాలి. పియానో గుత్తిలో ఆ స్వరం లేదు. దానికి ఒక పక్కన బి ఫ్లాట్, ఇంకో పక్కన జి షార్ప్, రెండూ వెంట్రుకవాసి దూరంలో నిలబడి రాసుకుంటూ ఉంటాయి. కల్యాణి చెవి తంబూరాతో పెరిగింది. పక్కన ఏది మోగితే దానితో కలిసిపోవడమే దానికి తెలిసిన మర్యాద. అక్కడికి రాగానే ఆమె గొంతు బి ఫ్లాట్ మీదకు జారిపోయేది. ఒక్కోసారి జి షార్ప్ మీదకు. జారిందని తెలియగానే గొంతు పట్టేసేది, ఇక మాట వచ్చేది కాదు. కిందటేడు స్కూలు వార్షికోత్సవంలో ఇలాగే మధ్యలో గొంతు పట్టేసి, మైకు ముందు ఊరికే నిలబడిపోయింది. ఆ సంగతి ఆమె మాస్టారికి చెప్పలేదు.

"నువ్వు గడప మీద నిలబడ్డావు," అనేవారు మాస్టారు. "కింద నుంచి ఒకడు, పైనుంచి ఒకడు, ఇద్దరూ నీ దగ్గరికే వత్తన్నారు. నువ్వు ఎదురెళ్ళక్కర్లేదు. కదలకు, ఆళ్ళే వత్తారు."

"వస్తారా?"

"రారనుకో. తర్వాత గడిలో పియానో మెట్టు దిగి వేరే దారిన పోతాది. కాని రావాలనే బయలుదేరారు. అదే ఇందులో ఉన్న దుఃఖం."

అది చెప్పడం ఒకసారైతే బాగుండేది. రోజూ చెప్పేవారు. గుత్తి రాకముందే చెయ్యెత్తి ఆపేవారు. ఆమె జారడానికి సందు కూడా దొరికేది కాదు. ఒక సాయంత్రం స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ చేత మాటపడి, ఆటోలో గోల్‌మురి దాకా ఇరుక్కుని వచ్చి, ఊపిరి కూడగట్టుకుని రెండో పేజీ ఎత్తుకోగానే ఆ చెయ్యి మళ్ళీ లేచింది. కల్యాణికి ఒళ్ళు మండింది.

"మాస్టారూ, దానికి ఏ ఇల్లూ లేదు. అది ఊరికే రంగు. పొగమంచు. మీరు వాయించండి, నేను పాడతాను, బస్."

మాస్టారు పియానో మూత మెల్లగా వేశారు. ఆ తర్వాత చాలా రోజులు ఫోను రాలేదు. కల్యాణికి మొదట హాయిగా ఉంది, తర్వాత భయం వేసింది, ఆ తర్వాత జగదాంబ ఫోన్ చేసింది. "ఏటన్నావమ్మా ఆయన్ని? అన్నం ముందు కూర్చుని పొగమంచు, పొగమంచు అని గొణుక్కుంటన్నారు. అంతమాట నన్ను కూడా ఎవరూ అనలేదంటన్నారు." కల్యాణి ఖాజాల పొట్లం పట్టుకుని వెళ్ళి, అది పొగమంచు కాదని, గడపేనని ఒప్పుకుని వచ్చింది. ఖాజా నముల్తూ ఆయన, ఆ నాలుగు స్వరాలూ సమాన దూరంలో మెట్లున్న నిచ్చెనలోవే కాబట్టి తెలియనివాళ్ళకు అలా అనిపిస్తుందని, తప్పు ఆమెది కాదని ఓదార్చారు.

పరీక్ష దగ్గరపడింది. కలకత్తా నుంచి సర్కార్ మేడమ్ అనే ఆవిడ వస్తున్నారని తెలిసింది. ఇలాంటి పాటల మీద పెద్ద చదువు చదివిన మనిషని పేరు. ఆ కబురు విన్న దగ్గరనుంచీ మాస్టారి తీరు మారిపోయింది. కొత్త చొక్కా కుట్టించుకున్నారు. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో నాతో గుత్తి గురించి మాట్లాడిన మనిషి లేడు, ఆవిడ వస్తే నా మాట ఒక్కసారి చెప్పి, అవునో కాదో విని చచ్చిపోయినా ఫరవాలేదు అన్నారు. చచ్చిపోవడం గురించి కల్యాణికి బెంగ లేదు గాని, మాట్లాడడం గురించి బెంగ పట్టుకుంది. జగదాంబను సాక్షిగా కూర్చోబెట్టి ఆయన చేత ఒట్టు వేయించింది. పరీక్ష గదిలో చెయ్యి ఎత్తకూడదు. నోరు తెరవకూడదు. అంతా అయ్యాక, మేడమ్ బయటికి వచ్చాక, కావలసినంత మాట్లాడుకోవచ్చు. మాస్టారు తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశారు. ఆయన తల మీద కాదు, జగదాంబ తల మీద.

పరీక్ష బిష్టుపూర్‌లో ఒక మేడ గదిలో. సర్కార్ మేడమ్ సన్నగా, జరీ లేని తెల్లచీరలో, నవ్వని మొహంతో బల్ల వెనక కూర్చున్నారు. మాస్టారు కొత్త చొక్కాలో పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా ఆవిడకేసి రెండుసార్లు నమస్కారం పెట్టి పియానో ముందు కూర్చున్నారు. మొదటి రెండు పాటలూ సాఫీగా అయిపోయాయి. చెయ్యి లేవలేదు. కల్యాణికి నమ్మబుద్ధి కాలేదు.

మూడోది తోట పాట. మొదటి పేజీ ఇన్నాళ్ళకు మొదటిసారి ఆగకుండా సాగింది. ఆగకుండా సాగితే ఆ పాట ఎలా ఉంటుందో ఆమె అప్పుడే విన్నది. విని, భయపడింది. రెండో పేజీ తిరిగింది. గుత్తి మోగింది. ఆమె ఎ మీద కాలు పెట్టింది, నిలబడలేదు, బి ఫ్లాట్ మీదకు జారింది. జారిందని తెలియగానే గొంతు పట్టేసింది. నోరు తెరిచే ఉంది, అందులోంచి ఏమీ రావడం లేదు. వార్షికోత్సవం నాటి మైకు కళ్ళముందు కనబడింది.

పియానో ఆగిపోయింది.

చూస్తే మాస్టారి చెయ్యి గాలిలో ఉంది.

"మేడమ్, క్షమించాలి," అంటున్నారు ఆయన ఇంగ్లీషులో. "తప్పు నాది. నేను తడబడ్డాను, అమ్మాయి ఆగిపోయింది. ఈ నాలుగు స్వరాలు నాకు ఎప్పుడూ అర్థం కావు. దీనికి ఇల్లూ వాకిలీ ఏమీ లేదు కదండీ? ఊరికే రంగు. పొగమంచు. అందుకని ఎలా పడితే అలా వాయించినా ఫరవాలేదు కదా?"

కల్యాణి మనసులో లెక్క వేసుకుంది. ఉద్యోగం పోయింది. ఒట్టు పోయింది. జగదాంబ పిన్ని తల ఏమైందో. ఇక్కడినుంచి బయటపడ్డాక ఈ మనిషి మొహం జన్మలో చూడకూడదనుకుంది.

సర్కార్ మేడమ్ కళ్ళజోడు తీశారు. ఆవిడ మొహంలో మొదటిసారి ప్రాణం వచ్చింది. ఎలా పడితే అలానా, అంటూ లేచి వచ్చి, మాస్టారిని స్టూలు మీదనుంచి లేపి, తాను కూర్చున్నారు. పొగమంచు అట. ఎవరు చెప్పారండీ మీకు? ఇదిగో ఇక్కడ వినండి. ఆవిడ ఎ స్వరం నొక్కారు. మళ్ళీ నొక్కారు. పాడే మనిషి ఉన్నది ఇక్కడ. ఇది కింద నుంచి వస్తోంది, ఇది పైనుంచి వస్తోంది. ఇద్దరూ ఆమె కోసమే బయలుదేరారు. ఆమె కదలకూడదు. అంటూ ప్రతి మాటకూ ఎ నొక్కుతూనే ఉన్నారు. గదంతా ఆ స్వరంతో నిండిపోయింది. కల్యాణి ఊపిరి మెల్లగా కుదుటపడింది. ఎ ఆమె చెవిలోకి దిగి, అక్కడినుంచి గొంతులోకి దిగి, కూర్చుంది.

అప్పుడు ఆమె మాస్టారి వైపు చూసింది. ఆయన చేతులు కట్టుకుని, మొదటిరోజు క్లాసుకు వచ్చిన పిల్లవాడిలా తల ఊపుతున్నారు. మేడమ్ చెబుతున్న ప్రతి మాటా ఆయనదే. వంకాయల దగ్గర, పళ్ళ డాక్టరు దగ్గర, రోజూ, విసుగెత్తేలా ఆయన చెప్పిన మాటే. ఇన్నాళ్ళూ ఎవరికి చెప్పాలని కాచుకున్నారో ఆవిడే తిరిగి ఆయనకు పాఠం చెబుతోంది. ఆయన, అలాగా అండీ, నాకు తట్టలేదండీ అంటున్నారు.

మీరు ఎన్నాళ్ళుగా వాయిస్తున్నారని మేడమ్ అడిగారు. నేర్చుకుంటున్నానండీ అన్నారు. పిల్లల కోసం రాసిన తేలికపాటి పుస్తకాలు ఉంటాయి, అక్కడినుంచి మొదలుపెట్టండి అని మేడమ్ దయగా సలహా ఇచ్చారు. తప్పకుండానండీ అన్నారు. మేడమ్ మళ్ళీ బల్ల వెనక్కి వెళ్ళి, వాయించిన ఆయన తప్పుకు పాడిన అమ్మాయి మార్కులు తగ్గించనని, రెండో పేజీ మొదటినుంచి ఎత్తుకోమని చెప్పారు.

కల్యాణి ఎత్తుకుంది. గుత్తి మోగింది. ఆమె నిలబడింది. కింద నుంచి ఒకరు, పైనుంచి ఒకరు ఆమె దాకా వచ్చి, చేరకుండానే వేరే దారిన వెళ్ళిపోయారు. ఆమె అక్కడే నిలబడి పాట ముగించింది. ఆ పాటకు చివర ఉంటుందని మాస్టారింట్లో ఎవరికీ తెలియదు. బయట వరండాలో కూర్చున్న జగదాంబ లేచి నిలబడిందట.

ఫలితం తర్వాత వచ్చింది. కల్యాణి పాసైంది, ఉద్యోగం ఖాయమైంది. కాని ఆ పూట ఆమెకు దాని మీద ధ్యాస లేదు. మెట్లు దిగి రోడ్డు మీదకు రాగానే మాస్టారిని ఆపింది.

"మాస్టారూ, ఆవిడ చెప్పింది మీ మాటే కదా."

"ఎవరు చెప్తే ఏటమ్మా. మంచిగా చెప్పింది."

"మీరే చెప్పాలని కదా ఇన్నాళ్ళూ కాచుకున్నారు. ఆవిడ ముందు అలా ఏమీ రానివాడిలా..."

ఆయన కొంచెం ఇబ్బందిపడ్డారు. కొత్త చొక్కా అంచు లాక్కున్నారు. "నీకు 'ఎ' పోయింది కదా. నేను నొక్కి చూపిత్తే అది కాపీ కొట్టించినట్టవుతాది. ఆవిడే నొక్కితే ఎవరేటంటారు? చదువుకున్నోళ్ళ ముందు తప్పు చెప్తే చాలు, ఆళ్ళు ఊరుకోలేరు. నేనైతే ఊరుకుంటానేటి?"

జగదాంబ ఆయన్ని ఎగాదిగా చూసింది. బ్యాండు కుర్రాళ్ళతో కూడా తగువు మానని మనిషి ఒకరికి అవునండీ అన్నాడంటే తనకు నమ్మకం కుదరలేదంది. కల్యాణి వంగి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది. అప్పుడు మాస్టారి చెయ్యి లేచింది.

"ఆగమ్మా. ఒక్క అనుమానం."

కల్యాణి వంగినది వంగినట్టే ఆగింది.

"ఇన్నాళ్ళూ ఆ గుత్తి నేను వాయిత్తా విన్నాను. పక్కన నిలబడి ఎప్పుడూ వినలేదు. ఇయ్యాల ఆవిడ వాయిత్తంటే విన్నాను. కాసేపు గడపలాగే ఉన్నాది. తర్వాత..." ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "తర్వాత మంచులాగ ఉన్నాదమ్మా. అబద్ధమనుకుని చెప్పాను గాని, అదే నిజమేమో. నువ్వు ఆ రోజన్నదే..."

మాట పూర్తి చెయ్యడానికి ఆయనకు మనసొప్పలేదు.

కల్యాణి నిటారుగా నిలబడింది. ఏడాది పాటు పడిన విసుగంతా ఒక్కసారి పైకి వచ్చింది. "మంచు కాదు మాస్టారూ. నేను అక్కడ నిలబడి పాడాను. ఇద్దరూ వచ్చారు. మీరు పియానో వైపు నుంచి వింటున్నారు, అందుకే మీకు తెలియడం లేదు."

"రాలేదమ్మా. వత్తే ఇంట్లోకి ఎందుకు రారు?"

"రావాలనే బయలుదేరారు కదా."

"అది నా మాట. నీ మాట చెప్పు."

జగదాంబ అప్పటికే ఆటో పిలిచి, పరీక్ష కోసం తెచ్చిన సంచులతో వెనక సీట్లో కూర్చుంది. ఎక్కమని రెండుసార్లు పిలిచింది, లాభం లేదని గ్రహించి, నెమ్మదిగా వెనకాలే పోనిమ్మని ఆటో అబ్బాయికి చెప్పింది. ఆ సాయంత్రం బిష్టుపూర్ రోడ్డు మీద మాస్టారూ కల్యాణీ ఒకరినొకరు చెయ్యెత్తి ఆపుకుంటూ, నాలుగడుగులు నడుస్తూ, మళ్ళీ ఆగుతూ వెళ్తుంటే, వాళ్ళ వెనక ఆటో కూడా ఆగుతూ, కదులుతూ వెళ్ళింది. సీట్లో జగదాంబ సంచీ విప్పి, మిగిలిన ఖాజాల్లో ఆటో అబ్బాయికి ఒకటి ఇచ్చి, తానొకటి తీసుకుంది.